మొగిలిగూడెం దండయాత్ర

రాజ్యం పక్క రాజ్యం మీదికి యుద్ధానికి ఎందుకు పోతుందని నర్సమ్మను అంతవరకు అడిగినవాళ్లు లేరు. నారు ఎప్పుడు పోయాలో అడిగారు, బాలింతకు కారం ఎట్లా నూరాలో అడిగారు, ఎవరి తాతకు ఎవరి తాత ఏమవుతాడో అడిగారు. అన్నిటికీ చెప్పింది. యుద్ధం సంగతి అడిగింది మాత్రం మనవరాలు ప్రత్యూషే. సూర్యాపేటలో డిగ్రీ చదువుతున్న పిల్ల, కాలేజీలో అందరి ముందు ఆ విషయం మీద మాట్లాడాలట. రెండు పుస్తకాలు ముందేసుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని, అరుగు మీద కూర్చుంది.

"నానమ్మా, నువ్వన్న జెప్పరాదు. ఎందుకు పోతరు?"

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నర్సమ్మ చెయ్యి ఆపలేదు. "ఇంట్ల పొయ్యి మండకుంటే పక్కింటి పొగ కండ్లల్ల పడ్డదంటరు బిడ్డా. గంతే."

"గది సామెత. నాకు కారణాలు గావాలె."

"కారణాలకు అంత దూరం పోవుడెందుకు? ఆ మైకు ఇను."

పంచాయతీ ఆఫీసు మీద మైకులో నర్సమ్మ కొడుకు దామోదర్ గొంతు ఉరుముతోంది. ఆయనే ఊరి సర్పంచ్. "మొగిలిగూడెం అన్నలారా, అక్కలారా! మన నోటికాడి బువ్వ గుంజుకున్న పైఊరోళ్లను మనం ఊకే ఇడుస్తమా?" ఇడిచేది లేదని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

పైఊరు అంటే రావిపాడు. సాగర్ కాలువ నీళ్లు మిర్యాలగూడ దిక్కు నుంచి దిగి, ముందు రావిపాడును తడిపి, పొలిమేర దగ్గరి వంతెన కింది నుంచి దూరి మొగిలిగూడానికి వస్తాయి. ఇంకా దిగితే కోదాడ దిక్కు. నీళ్లు ఎట్లా దిగుతాయో పిల్లలూ అట్లాగే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కోడళ్లుగా పోతుంటారు. దామోదర్ పెద్దబిడ్డ స్రవంతిని ఇచ్చింది కూడా రావిపాడుకే, జవహర్ కొడుకు శశిధర్‌కు. ఆ జవహరే ఇప్పుడు అవతలి ఒడ్డున సేనాపతి. వియ్యంకులిద్దరూ కాలువకు చెరోవైపు నిలబడి మీసాలు దువ్వుతున్నారు.

ఇక స్రవంతికేమో నెలలు. తొలిచూలు. ఒడి నింపి పుట్టింటికి తీసుకురావాలి. పున్నమి దాటితే పెద్దల దినాలు పడతాయి, ఆ పక్షం రోజులు నిండు మనిషిని గడప దాటించరు. పెత్రమాస దాటేదాకా ఆగితే పిల్ల అక్కడే ప్రసవమవుతుంది. నర్సమ్మ చేతుల మీద ఆ ఇంట్లో రెండు తరాల పసిబిడ్డలు నీళ్లు పోసుకున్నారు. స్రవంతి బిడ్డకు కూడా తన కాళ్ల మీదే నీళ్లు పోయాలని ఆమెకు ఒక్కటే కోరిక. సకినాలు చుట్టడం అయిపోయింది, గరిజెలు అయిపోయాయి, ఆకుపచ్చ గాజులు తెచ్చి పెట్టింది. అంతలోకే ఈ యుద్ధం వచ్చిపడింది. రాకపోకలు బంద్.

"ఎందుకు పోతరని అడిగినవు గదా," అంది నర్సమ్మ. "మీ నాయినను సూడు. యుద్ధం మొదలైనకాన్నుంచి ఎంత మంచిగ నిద్రపోతుండో."

నిజమే. అంతకుముందు దామోదర్‌కు కంటికి కునుకు లేదు. నడిబజారులో మురికికాలువ తీయిస్తానని సగం తవ్వించి వదిలేశాడు. తెల్లారితే చాలు, జనం ఇంటి ముందు నిలబడేవారు. అందరికంటే ముందు పెంటమ్మ. చర్చి పక్కింట్లో ఉంటుంది, నర్సమ్మతో కలిసి ఎన్నో ఏళ్లు నాట్లేసిన మనిషి. బురదలో మునిగిన కోడిపిల్లను రెక్క పట్టుకుని తెచ్చి దామోదర్ చాయ్ తాగే అరుగు మీద నిలబెట్టేది.

"సర్పంచి సాబ్, నీ కాలువల ఈతకు పడ్డది. అడుగు దీన్ని, నీళ్లు ఎట్లున్నయో."

దామోదర్‌కు చాయ్ గొంతు దిగేది కాదు. అటువంటి పెంటమ్మే ఇప్పుడు చీపురుకట్ట ఎత్తి "పైఊరోళ్ల పీక కొయ్యాలె" అని ముందు వరసలో అరుస్తోంది. మురికికాలువ మాట ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. కోడిపిల్లలు మాత్రం పడుతూనే ఉన్నాయి పాపం.

అసలు మొదలు ఎక్కడంటే, వినాయక చవితి దగ్గర. రావిపాడు కుర్రాళ్లు పెద్ద గణపతిని పెట్టారని విని మొగిలిగూడెం కుర్రాళ్లు అంతకంటే పెద్దది తెచ్చారు. ఆయనంత పొడుగుంటే ఎలుక చిన్నగా ఉంటే బాగుంటుందా? ఎలుకను కూడా దూడంత చేయించారు. చేయించి ఊరుకున్నారా, దానికి నల్ల కళ్లద్దాలు పెట్టించారు. చూడవచ్చిన రావిపాడువాళ్లు చేతులు జోడించి దండం పెట్టి, పోతూ పోతూ ఒక మాట అన్నారు.

"దేవుడు మంచిగున్నడు గని, మీ ఎలుకకు కండ్ల కలక లేసిందా ఏంది?"

ఆ మాట మొగిలిగూడెం గుండెలో ముల్లయి దిగింది. పైఊరివాళ్ల కంటే ముందే నిమజ్జనం చేసి చూపిస్తామని ఐదోరోజే డప్పులతో బయల్దేరి, పొలిమేర వంతెనకు ఎగువన, నీళ్లు లోతుగా ఉన్నచోట గణపతిని వదిలారు. ఆ తర్వాతనే ఒక్కోరోజూ కాలువలో నీళ్లు తగ్గడం మొదలైంది. వరి పొట్టకు వచ్చే వేళ. పొలాల్లో నెర్రెలు కనబడగానే ఎవరో అన్నారు, "పైఊరోళ్లు షట్టర్ దించిండ్రు" అని. ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. ఆ మాటకు మాత్రం కాళ్లొచ్చాయి.

చిత్రమేమిటంటే, అవతల రావిపాడులో జవహర్ పొలం మునిగింది. మోకాలి లోతు నీళ్లు నిలబడి వరి కుళ్లిపోయేట్టుంది. "కిందోళ్లు కాలువకు అడ్డం కట్టి మన పొలాలు ముంచిండ్రు" అని వాళ్లు. ఇద్దరూ వంతెనకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడి అరుచుకున్నారు.

"మీ ఊరికి రావాల్సింది నీళ్లు గాదు బావా, సిగ్గు!" అన్నాడు జవహర్.

"నీ పొలంల నీళ్లు ఎక్కువైనయంటివి గద బావా, ఈత నేర్సుకో! మా ఊళ్లె కోడిపిల్లలు సుత నేర్సుకున్నయ్!" అన్నాడు దామోదర్. ఆ మాటకు ఈ ఒడ్డు మీద చప్పట్లు. పెంటమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

మధ్యలో ఉన్న వంతెన కిందికి తొంగిచూద్దామని మాత్రం ఎవరూ అనలేదు. నీళ్ల మీద గుర్రపుడెక్క తివాచీ పరిచినట్టు దట్టంగా కమ్ముకుని ఉంది. చూడాలంటే అవతలి ఒడ్డుకు దిగాలి. దిగినవాడు పైఊరి మనిషైపోతాడు.

ఆపైన ఊళ్లో కట్టుబాటు చేశారు. రావిపాడు పాలకేంద్రానికి పాలు పొయ్యొద్దన్నారు. మొగిలిగూడెం బర్రెలకు ఆ సంగతి తెలియదు గదా, పాలు ఇస్తూనే ఉన్నాయి. ఊరంతా పెరుగు తిని తిని జలుబు చేసింది. రావిపాడు స్టేజీలో కోదాడ బస్సెక్కొద్దన్నారు. అందరూ చుట్టుదారిన అవతలి స్టేజీదాకా నడిచి, కాళ్లు పిసుక్కుంటూ పైఊరివాళ్లను తిట్టుకున్నారు.

ఫోన్లో స్రవంతి ఏడవాలో నవ్వాలో తెలియని గొంతుతో అంది. "మా మామ పంపనంటుండు, మా నాయిన రానంటుండు. నానమ్మా, నేనేమన్న షట్టర్‌నా, ఎత్తుడు దించుడు వీళ్ల చేతుల పెట్టనీకి?"

దామోదర్ భార్యది కోదాడ దిక్కు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లో నిలబడింది. "ఎల్లుండి పున్నమి అత్తయ్యా. మీ అబ్బాయికి చెప్పేవాళ్లు లేరా? ఊరి సంగతి చూసుకుంటాడు గానీ బిడ్డ సంగతి పట్టదా ఆయనకి?"

నర్సమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. కొంగు బొడ్లో దోపింది. బయటికొచ్చి, పెంటమ్మ మొగుడు మత్తయ్య ఆటోను చెయ్యెత్తి ఆపింది.

"యాడికవ్వా?"

"యుద్ధానికి. నడువు."

మత్తయ్య బెదిరిపోయాడు. "పొలిమేర దిక్కైతే నేను రానవ్వా. నా బండి మీద రాళ్లు పడ్తయి."

"రాయి పడితే నా నెత్తిన పడ్తది. ముసలి నెత్తి, రాయే పలుగుతది. నడువు."

వంతెన దగ్గర మనుషులు లేరు. ఎండకు కొంగలు మాత్రం నిలబడి ఉన్నాయి. నర్సమ్మ ఇటు చూసింది, కాలువ ఎండి పగుళ్లు. అటు చూసింది, నీళ్లు గట్టు ఒరుసుకుంటున్నాయి. షట్టరు ఎక్కడో ఎగువన, ఎత్తే ఉంది. పైన నీళ్లు ఎక్కువై, కింద లేవంటే, పట్టుకున్నది ఈ వంతెనే గదా. గొంతులో ముద్ద ఇరుక్కుంటే కడుపును తిడతామా?

"మత్తయ్యా, ఆ గడ జర అందుకో. గా ఆకు జరుపు."

మత్తయ్య కదల్లేదు. తల గోక్కున్నాడు. "జరుపుడెందుకవ్వా, నాకు ఎరికే. నేను గీడ చేపలు పడ్త గదా."

అయినా గడతో గుర్రపుడెక్కను పక్కకు లాగాడు. ముందు ఒక వెదురు దబ్బ కనబడింది. తర్వాత గడ్డి, తాళ్లు, కొబ్బరిపీచు. ఇంకొంచెం లాగేసరికి వంతెన ఖానాలో, నీళ్లు పారే సందులో అడ్డంగా ఇరుక్కుని, నీళ్లలోంచి మూతి పైకెత్తి, దూడంత ఎలుక. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నర్సమ్మ వంకే చూస్తోంది.

దాని వెనక, మట్టి కరిగి చట్రం బయటపడ్డ గణపతి. నర్సమ్మ ముందు చేతులు జోడించింది. ఆ తర్వాత నవ్వు ఆగక గట్టు మీద కూలబడింది.

"ఓరి నీ పాడుగాను! నీకు తెలిసి గూడ సెప్పకపోతివేందిరా?"

"ఎట్ల జెప్పాలె అవ్వా? నేను చర్చికి పోయేటోణ్ని. మీ దేవుడు అడ్డం పడ్డడని నేనంటే, మా దేవుణ్ని అన్నడు సూడుండ్రి అంటరు. పైఊళ్లె జెప్తే కిందూరోని మాట నమ్ముతమా అంటరు." మత్తయ్య గొంతు తగ్గించాడు. "సర్పంచికి ఒక్కనికే సెవుల జెప్పిన. 'ఇప్పుడు గాదు మత్తయ్యా' అన్నడు."

నర్సమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి దామోదర్ అన్నం ముందు కూర్చున్నాడు. నర్సమ్మ ఎదురుగా పీట వేసుకుంది. కొడుకు పెరుగన్నం కలుపుకునేదాకా ఆగి, మెల్లగా అంది. "ఎలుక మంచిగున్నది బిడ్డా. నిన్ను అడిగిన అని జెప్పమన్నది."

ముద్ద దామోదర్ చేతిలోనే ఉండిపోయింది. అబద్ధమాడటం ఆయనకు బయట వచ్చు గాని, తల్లి ముందు రాదు.

"ముందుగాల నాకు నిజంగ తెల్వదమ్మా. పైఊరోళ్లే అనుకున్న. మైకుల అన్నంక తెలిసింది."

"తెలిసినంక?"

"ఎట్ల దిగాలె? పొద్దుగాల మైకు పట్టుకొని ఆళ్ల ఏడు తరాలను తిట్టినోణ్ని, పొద్దూకేసరికి తప్పు మనదే అంటే నన్ను ఉంచుతరా? జవహర్ బావ ముందట తల ఎత్తుకుంటనా? ఇంకోటి..." ఆయన వాకిలి వైపు చూశాడు. "ఊరు ఊరంతా నా ఎనుక నిలబడుడు గిదే మొదలమ్మా. యుద్ధం ఆగితే మళ్ల గా మురికికాలువ, గా కోడిపిల్ల."

గోడ అవతల ప్రత్యూష పెన్ను గీస్తున్న చప్పుడు వినబడింది. నర్సమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఊరి సర్పంచ్ కనబడలేదు. చిన్నప్పుడు చింతచెట్టెక్కి దిగడం రాక కొమ్మ పట్టుకుని ఏడ్చిన పిల్లగాడు కనబడ్డాడు. అప్పుడు తిడితే ఇంకో కొమ్మ పైకెక్కాడు. నిచ్చెన తెచ్చి పెడితే దిగాడు.

"సరే. నిచ్చెన నేనేస్త. రేపు పొద్దుగాల నువ్వు మైకు ఇంట్ల పెట్టి, మోకులు పట్టుకొని మా ఎనుక రా. నోరు మాత్రం తెరువకు."

"ఊళ్లె కట్టుబాటు ఉన్నది గదమ్మా."

"మీ మొగోళ్ల కట్టుబాటు పాలకు, బస్సుకు. ఒడిబియ్యానికి కట్టుబాటు పెట్టినోడు ఇంకా పుట్టలె."

మర్నాడు మొగిలిగూడెం ఆడవాళ్లు ఇంటికొక్కరు బయటికొచ్చారు. పట్టుచీరలు, కాళ్లకు పసుపు. బియ్యంలో పసుపు కలిపి గంపలకెత్తారు. సకినాల గంప, గరిజెల గంప, గాజులు, కొత్తచీర. పెంటమ్మ నిన్నటి చీపురుకట్ట మూలకు పడేసి నువ్వుల ముద్దల గంప నెత్తినెత్తుకుంది. "యుద్ధం యుద్ధమే, పిల్ల పిల్లనే" అంది, ఎవరూ అడగకపోయినా. వెనక మత్తయ్య ఆటో, దాని వెనక మోకులు భుజాన వేసుకుని దామోదర్, పది మంది మగవాళ్లు. ఎందుకొస్తున్నారో వాళ్లకే సరిగ్గా తెలియదు. నర్సమ్మ రమ్మంది, వస్తున్నారు.

వంతెనకు ఆ కొసన కర్రలు పట్టుకుని రావిపాడువాళ్లు లేచి నిలబడ్డారు. ముందు జవహర్. నర్సమ్మను చూసి కర్ర కిందికి దించాడు గాని దారి ఇవ్వలేదు.

"అత్తమ్మా, నువ్వు రావొద్దు. మా ఊరి మాట ఉన్నది."

"నేను నీ ఊరికి రాలె అయ్యా, నా మనుమరాలి ఒడికి వచ్చిన. తొలిచూలు పిల్లకు ఒడి నింపే ఆడోళ్లను ఆపే మొగోడు ఎవ్వలో ముందటికి రమ్మను, సూస్త."

ఎవరూ ముందుకు రాలేదు. ఒకరిద్దరు వెనక్కి జరిగారు. గంపలు పట్టుకున్న చేతుల్లో వాళ్ల చెల్లెళ్లవీ, అత్తలవీ కూడా ఉన్నాయి మరి.

"నాకంటే ముందుగాల ఇంకొకాయనకు తొవ్వ ఇయ్యుండ్రి," అని నర్సమ్మ మత్తయ్యకు సైగ చేసింది. గడ గుర్రపుడెక్కను తోసింది. ఎలుక మూతి బయటికొచ్చింది. ఎండకు నల్లద్దాలు తళుక్కుమన్నాయి.

రెండు ఒడ్లూ నోరు తెరిచి చూశాయి. రావిపాడు గుంపులో ఎవడో ఆపుకోలేక, "కండ్ల కలక ఎలుక!" అన్నాడు. ఒక నవ్వు పుట్టబోయింది. ఆ నవ్వు గనక పుడితే ఈ ఒడ్డున ఎవరి చెయ్యి ఏ రాయి మీద పడేదో. నర్సమ్మ గొంతెత్తింది.

"నవ్వకుండ్రి! ఎన్ని ఊళ్లల్ల నిమజ్జనాలు జరిగినయ్, ఎన్నడన్న దేవుడు గిట్ల ఆగిండా? అటు గాక ఇటు గాక సక్కగ నడిమిట్ల ఆగిండు. ఒక్క ఊరోళ్లు తోలితే పోను, రెండూళ్లు గలిసి సాగనంపితేనే పోత అంటుండు. గాయన మాట మీకు ఇనబడ్తలేదా?"

అందరూ జవహర్ వైపు చూశారు. జవహర్ మునిగిన తన పొలం వైపు చూశాడు, ఖానా వైపు చూశాడు, మోకులు మోస్తున్న వియ్యంకుడి వైపు చూశాడు. అంతా అర్థమైంది ఆయనకు. ఒక్క మాటంటే దామోదర్ తల జన్మలో లేవదు. కాని ఇన్ని రోజుల నుంచి రావిపాడులో ఆయనా ఒక కొమ్మ మీద కూర్చునే ఉన్నాడు. దిగడానికి ఆయనకూ నిచ్చెన కావాలి.

గొంతు సవరించుకున్నాడు. "నిజమే అత్తమ్మా. రాత్రి నాకు కలల గూడ వచ్చిండు. ఎటో నడుమ ఇరుక్కున్న అన్నడు. నాకే సమజ్ గాలె."

దామోదర్‌కు నోరు తెరవొద్దని చెప్పారు గాని ఊరుకుంటేనా! "నా కలలకు గూడ వచ్చిండు బావా!"

"ఒక్క రాత్రే రెండూళ్లు తిరిగిండంటే కాళ్లు గుంజినయో ఏమో," అంది పెంటమ్మ. ఈసారి నవ్వు పుట్టింది, రెండు ఒడ్ల మీదా ఒక్కసారే పుట్టింది.

కర్రలు గట్టు మీద పడ్డాయి. ఇటువాళ్లు మోకులు విసిరారు, అటువాళ్లు నీళ్లలో దిగి కట్టారు. "గణపతి బప్పా" అని జవహర్ అరిస్తే "మోరియా" అని దామోదర్ అరిచాడు. వెదురుచట్రం కిర్రుమంది, ఎలుక మొండికేసింది, మళ్లీ లాగారు. ఒక్కసారిగా ఖానా తెరుచుకుని నీళ్లు ధడధడమని మొగిలిగూడెం కాలువలోకి దూకాయి. చూస్తూ చూస్తూనే ఎగువన నీళ్లు తగ్గాయి. గణపతిని రావిపాడు ట్రాక్టర్ మీదికెక్కించి, రెండూళ్ల డప్పులతో పెద్దకాలువకు తోలుకుపోయారు. ఎలుకకు పసుపుబొట్టు పెట్టి ముందు కూర్చోబెట్టారు. కళ్లద్దాలు తీయనివ్వలేదు మొగిలిగూడెం కుర్రాళ్లు. ఆ మాత్రం పంతం ఉండాలి గదా.

ఆ మధ్యాహ్నం జవహర్ ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి స్రవంతి ఒడిలో బియ్యం పోసింది నర్సమ్మ. రావిపాడు ఆడవాళ్లూ పోశారు. పిల్ల చేతులకు ఆకుపచ్చ గాజులు నిండాయి. శశిధర్ సంచులు మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. పున్నమి చంద్రుడు రాకముందే స్రవంతి పుట్టింటి గడపలో కుడికాలు పెట్టింది. దామోదర్ భార్య దిష్టి తీస్తూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

తెల్లవారింది. పొలాలకు నీళ్లెక్కుతున్న చప్పుడు ఊళ్లోకి వినబడుతోంది. దామోదర్ చల్లటి గాలికి అరుగు మీద కూర్చుని చాయ్ నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, ఎదురుగా పెంటమ్మ. చేతిలో బురద కారుతున్న కోడిపిల్ల.

"సర్పంచి సాబ్, యుద్ధం ఒడిసింది గద. ఇగ దీని సంగతేంది?"

దామోదర్ కోడిపిల్లను చూశాడు. సగం తవ్విన మురికికాలువను చూశాడు. చాయ్ కింద పెట్టి, మెల్లగా తల తూర్పుకు తిప్పి, ఇంకో పక్క ఊరి దిక్కు చూశాడు. "గా తూర్పు దిక్కోళ్ల మేకలు మన గట్ల మీద..." అని మొదలుపెట్టాడు.

నర్సమ్మ గట్టిగా దగ్గింది. మూలకున్న పార తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

దామోదర్ తల్లిని చూశాడు, పెంటమ్మను చూశాడు. చొక్కా విప్పి అరుగు మీద పడేసి, లుంగీ ఎగ్గట్టి, నడిబజారు కాలువలోకి దిగాడు. కాసేపటికి పక్కింటివాళ్లు పారలు తెచ్చుకున్నారు. మత్తయ్య ఆటో పక్కన పెట్టి తట్ట అందుకున్నాడు.

అరుగు మీద ప్రత్యూష ఏదో కొట్టేసి మళ్లీ రాస్తోంది. మంచంలో ఒరిగి చూస్తున్న స్రవంతి కడుపు పట్టుకుని నవ్వింది.

"నానమ్మా, నాయినను సూసి నవ్వొస్తుంది. నవ్వితే లోపటోడు తంతుండు."

"తన్ననియ్యి బిడ్డా," అంటూ నర్సమ్మ మొన్న వదిలేసిన చిక్కుడుకాయల చేట ఒడిలోకి తీసుకుంది. "తాతతోని కాలువ తవ్విస్తున్నడు ఆడు."